మెట్ల దగ్గరికి వచ్చి అడగండి

డ్రిల్లు మిషను తిరుగుతుండగా ఫోను ఎత్తితే చెవిలో సగం మాట మనిషిది పడుతుంది, సగం మాట మిషనుది. ఆ గురువారం రసాయన శాస్త్ర విభాగం నేలమాళిగలో, స్టోరు గదిలో, వడ్రంగి కుడిచేత్తో అలమరకి చిల్లు పెడుతూనే ఎడమచేత్తో ఫోను ఎత్తి "ఆఁ, చెప్పండి" అన్నాడు.

"కంప్యూటర్ సెంటర్ నుంచండీ. సోమవారం నుంచి మీ విభాగంలో పదకొండుమందికీ రెండంచెల తాళం మారుతోంది. పాతది ఇక పనిచెయ్యదు. కొత్తవి తీసుకోమని మీ స్టోర్ కీపర్‌కి చెప్పండి."

"రెండించులే కదా? పదకొండు. అలాగే అలాగే!" అని పెట్టేశాడు. పాతికేళ్లుగా యూనివర్సిటీ తలుపుల్ని ఇంచుల్లోనే చూసినవాడు. అంచెలంచెలుగా ఆలోచించడం అతనికి అలవాటు లేదు. మిషను ఆపి, సెంట్రల్ స్టోరుకి నడిచి వెళ్లి, పదకొండు ఇత్తడి తాళాలు, ఒక్కోటీ కొలిచినట్టు రెండించులవి, భార్య పేరు మీద రాయించి తెచ్చి బల్లమీద వరసగా పెట్టాడు.

ఆ భార్యే స్టోర్ కీపర్. మూడంతస్తుల్లోనూ ఆవిణ్ని జారీ అక్క అంటారు. ఆమె చేతిలోంచి ఏదీ జారదు, జారీ మాత్రమే అవుతుంది. గాజు గరాటు కావాలన్నా, గజం రబ్బరు గొట్టం కావాలన్నా, ముందు రిజిస్టరులో పేరు, టైము, ఏం పనికో, కింద సంతకం. సంతకం లేకుండా సరుకిస్తే అది స్టోరు కాదు, సంత అనేది ఆవిడ సిద్ధాంతం. సెలవు మీద వెళ్తున్న హెడ్ గారి చేత కూడా ఒకసారి అరడజను పరీక్షనాళికలకి సంతకం పెట్టించుకుంది.

అసిటోన్ డబ్బా ఎత్తి చిన్న సీసాల్లోకి వంపే పని ముగించుకుని, చేతి తొడుగులు విప్పుతూ వచ్చి తాళాలు చూసింది.

"ఇవేంటయ్యా?"

"నీ తాళాలు. ఫోనులో అడిగారు."

"ఫోనులో అడిగితే తెచ్చేస్తావా? అడిగినవాడి మొహం చూశావా?"

"మొహం చూడకుండానే నిన్ను చేసుకున్నాను. తాళాలదేముందే!"

"నా సంతకం లేకుండా నా పేరు మీద సరుకు! ఇరవై రెండేళ్లలో మొదటిసారి" అని తాళాలన్నీ అట్టపెట్టెలో వేసి, పెట్టెమీద "ఎందుకో తెలియదు, కనుక్కోవాలి" అని చీటీ అతికించింది. పొద్దున్నే కనుక్కుందామనుకుంది. పొద్దున్నే ఆ ఫోను చేసినవాళ్లే వచ్చి ఆవిణ్ని కనుక్కున్నారు.

ఆ భవనంలో ఒక పద్ధతి ఉంది. ప్రయోగశాలల్లోకి ఫోను తీసుకెళ్లకూడదు. గదినిండా మండే ఆవిర్లు. అందుకని గుమ్మం దగ్గర చెక్క గూళ్లలో ఎవరి ఫోను వాళ్లు వదిలేసి లోపలికి పోతారు. నాలుగేళ్ల క్రితం యూనివర్సిటీ అకౌంట్లకి రెండంచెల తాళం వచ్చింది. మొదటి అంచె పాస్‌వర్డ్. అది కొట్టగానే ఫోనుకి ఆరంకెల సంఖ్య వస్తుంది, అది కూడా కొడితేనే తలుపు తెరుచుకుంటుంది. అంకెలకి ఆయుష్షు పది నిమిషాలు. ప్రొఫెసరు లోపల కంప్యూటరు ముందు, అంకెలు బయట గూట్లో. తొడుగులు విప్పి, కోటు విప్పి, కళ్లద్దాలు మార్చి బయటికొచ్చేసరికి అంకెలు చచ్చిపోయి ఉండేవి. వారం రోజులు ఈ చావులు చూశాక పదకొండుమందీ ఒక్కొక్కరే కిందికి దిగి, స్టోరులో ఉండే పాత మీటల ఫోను నంబరు తీసుకెళ్లి తమ అకౌంటుకి తగిలించేశారు. ఆ నంబరు జారీ అక్క పేరు మీద ఉంది.

అంకెలు కూడా సరుకే కదా అనుకుంది ఆవిడ. మెట్ల వరసల మధ్య ఖాళీలో, రసాయనాల సీసాలు పైకి పంపడానికి మొగుడు బిగించిన కప్పీ, తాడు, బుట్ట ఉన్నాయి. అంకెలు కావలసినవాళ్లు పిట్టగోడ మీంచి వంగి "అక్కా!" అనాలి. ఆవిడ మెట్ల కింద నిలబడి తలెత్తి మొహం చూస్తుంది. "ఏం పనికి?" అంటుంది. చెప్పింది చెప్పినట్టు రాసుకుని రిజిస్టరు బుట్టలో పైకి పంపుతుంది. సంతకం కిందికి దిగాక, మడిచిన చీటీలో అంకెలు పైకి ఎక్కుతాయి. ఒక్క నాడూ అంకెలు గట్టిగా అరిచి చెప్పలేదు. గోడలకి చెవులున్నాయని కాదు, రెండో అంతస్తులో ఆవిరి మాస్టారున్నారని. మీటింగు మొదలవగానే గదిలోంచి ఆవిరైపోయే ఆ పెద్దాయనకి ఎవరి సంగతి వినపడ్డా మూడు నిమిషాల్లో అన్ని అంతస్తులకీ ఆవిరిలా పాకించే అలవాటుంది.

శుక్రవారం పది గంటలకి కంప్యూటర్ సెంటర్ అధికారి మెట్లు దిగి వచ్చాడు. గళ్ల చొక్కా, చంకలో ఫైలు. ఆవిడ అప్పుడు త్రాసు ముందు కూర్చుని పొటాషియం పర్మాంగనేటు తూస్తోంది. చెంచా చివర వేలితో తడుతూ, ఊదారంగు పలుకులు ఒక్కొక్కటే పళ్లెంలో రాలుస్తోంది.

"ఈ నంబరు మీదేనా?"

"ఒక్క నిమిషం" అంది, చెయ్యి కదపకుండా. ముల్లు నిలిచాక పొట్లం కట్టి, చీటీ రాసి, అప్పుడు తలెత్తింది. "నాదే. చెప్పండి బాబూ."

"పోయిన నెల ఓ మంగళవారం ఎవరో దొంగ ఉత్తరం పంపి అందరి పాస్‌వర్డ్‌లూ లాగారు. తర్వాత ఫోన్లు చేసి అంకెలు కూడా చెప్పించుకున్నారు. పద్నాలుగు విభాగాల్లో అకౌంట్లు పోయాయి. పరీక్ష పేపర్లు బయటికెళ్లాయి. మీ విభాగంలోనూ తొమ్మిదిమంది పాస్‌వర్డ్‌లు ఇచ్చేసుకున్నారు. కానీ ఒక్క అకౌంటూ పోలేదు."

"మంచిదే కదా!"

"మంచిదే. వీధిలో అన్ని ఇళ్లూ దోచి ఒక్క ఇల్లు వదిలేస్తే పోలీసులు ఆ ఇంటివాళ్లనే ముందు అడుగుతారు. చూస్తే పదకొండు అకౌంట్ల అంకెలూ మీ ఫోనుకే వస్తున్నాయి. ఈ నంబరు మీ అకౌంట్లకి ఎలా వచ్చిందని పైన అడిగాను. మాకు తెలియదన్నారు."

ఆవిడ పొట్లం చేతిలోనే ఉండిపోయింది. "ఎవరన్నారు?"

"అందరూ."

అతని చూపు బల్లకింద అట్టపెట్టె మీద పడింది. మూత తెరిచి లెక్కపెట్టాడు. పదకొండు అకౌంట్లు, పదకొండు తాళాలు, పైన "ఎందుకో తెలియదు" అనే చీటీ. అతను కూడా ఏదో రాసుకున్నాడు. ఫోను కవరులో వేసి సీలు చేసి తీసుకున్నాడు. ఆవిడ రిజిస్టరు అతని ముందుకి జరిపింది. "ఫోను తీసుకెళ్తున్నట్టు సంతకం పెట్టండి." కాస్త తడబడి పెట్టాడు. పెట్టాక ఒక కాగితం ఇచ్చాడు. సోమవారం పదకొండు గంటలకి హెడ్ గారి గదిలో విచారణ, సంజాయిషీ సంతృప్తికరంగా లేకపోతే స్టోరు బాధ్యతల నుంచి తొలగింపు.

కింద మెమో ఇచ్చారు, పైన "మేమా? మాకేం తెలుసు!" అన్నారు. విచారణ సోమవారం. విచారం శుక్రవారం నుంచే మొదలైంది.

ఆ మధ్యాహ్నం బుట్ట కదల్లేదు. పై పిట్టగోడ మీద ఒకటి రెండుసార్లు తలలు కనిపించి వెనక్కి పోయాయి. మూడింటికి స్ఫటికం మేడమ్ దిగొచ్చింది. స్ఫటికాలు పెంచే ఆవిడ, మాట కూడా పలుకు పలుకుగా మాట్లాడుతుంది. గుమ్మంలో నిలబడి, "అక్కా, నేను చెబుదామనే అనుకున్నాను. హెడ్ గారు ముందు తెలియదనేశారు. ఆయన కాదన్నది నేను అవునంటే..." అని ఆగింది.

"మీకు ఇథనాల్ కావాలా మేడమ్?"

"వద్దు."

"మరి సంతకం పెట్టేదేమీ లేదు. వెళ్లండి" అంది జారీ అక్క. కోపంగా అనలేదు. స్టోరు మాట స్టోరులా అంది. మేడమ్ వెళ్లాక ఖాళీ సీసాలన్నీ దించి మళ్లీ కడిగింది. కడిగినవే.

శనివారం సగం రోజు పని. సాయంత్రం ఇంట్లో వడ్రంగి రిజిస్టరు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఏడాదికో రిజిస్టరు. ఈ ఏడాదిది ఆవిడ సంచీలో పెట్టుకుని ఇంటికి తెచ్చింది. తెస్తున్నట్టు అందులోనే రాసి, తనే సంతకం పెట్టుకుంది.

"ఒసేయ్, ఇది చూశావా! 'హెడ్ గారు. తన సెలవు తనే మంజూరు చేసుకోవడానికి.' 'ఆవిరి మాస్టారు. పాస్‌వర్డ్ మర్చిపోయి. ఈ నెలలో ఆరోసారి.' అన్ని పరీక్షలూ పాసైనవాళ్లకే ఈ పాస్‌వర్డ్ ఎందుకు గుర్తుండదే?" అని పకపకా నవ్వి, పేజీ తిప్పి నవ్వు ఆపాడు. "'స్ఫటికం మేడమ్. వేరే యూనివర్సిటీలో ఉద్యోగానికి దరఖాస్తు.' ఇది హెడ్ గారికి తెలుసా?"

"తెలియదు."

"సోమవారం తెలుస్తుంది. రిజిస్టరు మొత్తం బల్లమీద పడేయ్. పదకొండు సంతకాలు! మాకు తెలియదన్న ఒక్కొక్కడి నోట్లో..."

"ఒక్కొక్కరి అను."

"ఒక్కొక్కరి నోట్లో మాట రాదు."

ఆవిడ రిజిస్టరు లాక్కుని అట్ట తుడిచింది. "ఏం పనికో చెబితేనే ఇస్తానని నేను పట్టుబడితే, పాపం నిజమే చెప్పారయ్యా. నన్ను నమ్మి చెప్పారు. నా మీద నింద పడిందని వాళ్ల నిజాలన్నీ వీధిలో పారబోస్తే, ఆ దొంగకీ నాకూ తేడా ఏముంది? వాడూ వాళ్ల సంగతులు బయటపెట్టాలనే వచ్చాడు."

"మరి ఉద్యోగం?"

"అది పోనివ్వను. ఆ మంగళవారం పేజీ ఒక్కటి చాలు. ఆ రోజు పైనించి ఎవరూ అడగలేదు, కాబట్టి అందులో ఎవరి గుట్టూ లేదు. కానీ ఒక పేజీ చూపించబోతే ఆ అధికారి వేలు పక్క పేజీకి పోతుంది. వేలుకేం తెలుసు!"

వడ్రంగి లేచి, చెవిలో దోపుకున్న పెన్సిలు తీసి, రిజిస్టరు అంచు మందం కొలిచాడు. మళ్లీ కొలిచాడు. కొలత కుదిరితే అతని కుడి కనుబొమ్మ లేస్తుంది. లేచింది.

"ఆ తాళాలు ఊరికే తెచ్చానన్నావు కదే!"

"రిజిస్టరుకి చిల్లు పెడతావా? ఇరవై రెండేళ్లలో..."

"మూలన, గీత బయట. అక్షరానికి తగలదు. తగిలితే ఈ చెయ్యి మళ్లీ రంపం పట్టదు."

చిన్న బరమా తీసుకుని, కింద చెక్కముక్క పెట్టి, ఆదివారం పొద్దున్న రెండు గంటలు పట్టి రెండు చిల్లులు పెట్టాడు. ఆవిడ పక్కనే కూర్చుని, పసిపిల్లకి చెవులు కుట్టిస్తున్న తల్లిలా, కాగితాలు అదిమిపట్టుకుంది.

సోమవారం హెడ్ గారి గదిలో పదకొండు కుర్చీలు, పక్కన అధికారికి ఒకటి. ఆవిడకి కుర్చీ వెయ్యడం ఎవరికీ తోచలేదు. స్ఫటికం మేడమ్ లేచి తన కుర్చీ జరిపింది. "నిలబడే పని చేస్తాను మేడమ్, అలవాటే" అంది జారీ అక్క. ఆవిరి మాస్టారు కూడా ఆ రోజు ఆవిరి కాలేదు. తలుపు దగ్గరే వడ్రంగి ఉన్నాడు. ఎవరూ చెప్పకుండానే తలుపు బందు బిగిస్తున్నాడు. బాగున్న బందే.

అధికారి గొంతు సవరించుకున్నాడు. "ఆ మంగళవారం మీ ఫోనుకి తొమ్మిది సంఖ్యలు వచ్చాయి. వాటిని ఏం చేశారు?"

"రాసుకున్నాను."

గదిలో కుర్చీలు కిర్రుమన్నాయి. "ఎందులో?"

ఆవిడ సంచీలోంచి రిజిస్టరు తీసి బల్లమీద పెట్టింది. అందరూ చూస్తుండిపోయారు. ముందు పేజీలన్నీ కలిపి ఒక ఇత్తడి తాళం, వెనక పేజీలన్నీ కలిపి ఇంకొక ఇత్తడి తాళం. మధ్యలో ఒక్క పేజీ మాత్రమే స్వేచ్ఛగా తెరుచుకుంటుంది. ఆవిడ దాన్ని తెరిచి అతనివైపు తిప్పింది.

అతను చదవడం మొదలుపెట్టాడు. మొదట మనసులో, తర్వాత పైకి.

"పదకొండూ పది. ఆరంకెలు వచ్చాయి. మెట్ల దగ్గర ఎవరూ లేరు. జారీ చెయ్యలేదు. పదకొండూ పదకొండు. ఆరంకెలు వచ్చాయి. ఎవరూ లేరు. జారీ చెయ్యలేదు..." తొమ్మిది సార్లు. చదువుతూనే ఫైలులోంచి తన జాబితా తీశాడు. జేబులోంచి పెన్ను తీశాడు. ఒక్కో వరుస దగ్గర ఒక్కో టిక్కు పెడుతుంటే, టిక్కుటిక్కుకీ అతని మెడ ముందుకి సాగింది. తొమ్మిదీ కుదిరాయి. నిమిషం తేడా లేదు.

"పదకొండూ ఇరవై. ఫోను వచ్చింది. మగ గొంతు. కంప్యూటర్ సెంటర్ నుంచి అన్నాడు. వచ్చిన అంకెలు చెప్పమన్నాడు. మెట్ల దగ్గరికి వచ్చి అడగమన్నాను. ఏ మెట్లు అన్నాడు. మన భవనం మెట్లు తెలియనివాడు మనవాడు కాడు. ఇవ్వలేదు. వాడి నంబరు కింద రాశాను." అతను నంబరు రెండుసార్లు చదివాడు. "పద్నాలుగు విభాగాల్లో అందరూ వీడికి అంకెలు చెప్పేశారు. ఏ నంబరు నుంచి చేశాడో ఒక్కరూ గుర్తుపెట్టుకోలేదు. అంకెలు ఎప్పుడు పంపామో నా దగ్గరుంది. ఎందుకు ఆగాయో లేదు. నెల రోజులుగా వెతుకుతున్నాను." ఆ తర్వాతి వరుస దగ్గర చదవడం ఆపేశాడు. తలెత్తి హెడ్ గారివైపు చూశాడు.

హెడ్ గారు ముందుకి వంగి రిజిస్టరు తనవైపు తిప్పుకున్నారు. కళ్లద్దాలు పెట్టుకున్నారు. "ఈ వరుస నేను చదువుతాను" అన్నారు. "పదకొండున్నర. పైకి వెళ్లి హెడ్ గారికి చెప్పాను. చూద్దాంలే అన్నారు."

తలుపు దగ్గర బందు బిగించే చప్పుడు ఆగింది.

అధికారి మెల్లగా అడిగాడు. "అమ్మా, మిగతా పేజీల్లో ఏముంది? వీటికెందుకు తాళం వేశారు?"

ఆవిడ కొంగు ముడి విప్పి రెండు చిన్న తాళంచెవులు తీసింది. అతనికి ఇవ్వలేదు. పదకొండుమంది ముందు, బల్ల మధ్యలో పెట్టింది. "అందులో ఈ ఏడాది జారీ చేసిన అంకెలన్నీ ఉన్నాయి బాబూ. ఎవరు అడిగారు, ఏం పనికి, సంతకం. రాసింది నేను, సంతకాలు వాళ్లవి. వాళ్లు తియ్యమంటే తీస్తాను. నా అంతట నేను తియ్యను."

అతను తాళాలని చూశాడు, తాళంచెవుల్ని చూశాడు, ఆవిణ్ని చూశాడు. "మేము నాలుగేళ్లుగా కాగితాల మీద చెబుతున్న రెండంచెలు ఇవే" అన్నాడు, తనలో తను అనుకున్నట్టు.

స్ఫటికం మేడమ్ చెయ్యి బల్ల అంచుమీద బిగుసుకుంది. ఆవిరి మాస్టారు పైకప్పుకేసి చూశారు. ఆవిరికి పారిపోయే దారి ఎప్పుడూ పైనే.

హెడ్ గారు తాళంచెవులు రెండూ తీసి జారీ అక్క చేతిలో పెట్టారు. "తియ్యక్కర్లేదు. ఆ నంబరు మా అకౌంట్లకి మేమే పెట్టుకున్నాం. శుక్రవారం ఈయన అడిగినప్పుడు భయం వేసి తెలియదన్నాను. నన్ను చూసి మిగతావాళ్లూ అన్నారు. నాలుగేళ్లుగా మమ్మల్ని కాపాడింది ఈవిడ. ఈ మాట కాగితం మీద రాసి ఇస్తాను."

"నేనూ" అంది స్ఫటికం మేడమ్, ఆయన మాట ముగియకముందే. తర్వాత ఎవరు ముందు, ఎవరు వెనక తెలియలేదు. పదకొండూ వచ్చాయి.

అధికారి మెమో అడిగి తీసుకుని అడ్డంగా గీత కొట్టాడు. కొట్టి ఆవిడవైపు చూశాడు. చూడగానే అర్థమైంది కాబోలు, గీత కింద సంతకం పెట్టాడు.

"పద్ధతి మారక తప్పదమ్మా. ఒకరి అంకెలు ఇంకొకరి ఫోనుకి రాకూడదు. మీలాంటి మనిషి ప్రతి మెట్ల కిందా ఉండదు" అని ఫైలులోంచి కవరు తీశాడు. వేలి గోరంత తాళంచెవులు, పదకొండు. కంప్యూటరుకి గుచ్చి వేలితో తాకితే చాలు, అంకెలు అక్కర్లేదు. నిప్పురవ్వ భయం లేదు, లోపలికి తీసుకెళ్లవచ్చు. "ఇవి మీ చేత్తోనే జారీ చెయ్యాలి. వచ్చే వారం నుంచి యూనివర్సిటీ మొత్తానికి మూడు వేలు జారీ చెయ్యాలి. ఆ రిజిస్టరు ఎలా గీయాలో మా వాళ్లకి మీరు వచ్చి చెప్పాలి. వస్తారా?"

ఆవిడ నవ్వలేదు గానీ మెడ నిటారుగా అయింది. "నాలుగు గళ్లు కాదు, అయిదు గీయాలి. ఇవ్వని వాటికి కూడా గడి ఉండాలి. వస్తాను."

"ఒక్క సందేహం మిగిలింది" అన్నాడతను. "శుక్రవారం నుంచి నిద్రపట్టలేదు. మేము తాళం మారుతోందని చెప్పిన మర్నాటికే మీ దగ్గర పదకొండు తాళాలు ఎలా వచ్చాయి?"

జారీ అక్క తలుపువైపు చూసింది. "ఏవయ్యా, లోపలికి రా. నీ పేరు మీద ఉన్నది నువ్వే చెప్పు."

వడ్రంగి మర మేకు చేత్తో పట్టుకునే వచ్చాడు. "తప్పు నాదేనండీ. గురువారం మీ సెంటరు నుంచి ఫోను వస్తే ఎత్తింది నేను. మిషను గీ అంటోంది. వాళ్లేమో రెండంచెల తాళం అన్నారు. నాకు రెండించుల తాళం అని వినపడింది. పదకొండుమందికి అన్నారు కదాని పదకొండు తెచ్చాను. కొలత మాత్రం తప్పలేదండి, కావాలంటే చూసుకోండి, సరిగ్గా రెండించులు!"

మొదట నవ్వింది స్ఫటికం మేడమ్. తర్వాత హెడ్ గారు కళ్లద్దాలు తీసి కళ్లు తుడుచుకోవలసి వచ్చింది. ఆవిరి మాస్టారు ఈ ముక్క మిగతా భవనానికి మోసుకెళ్లడానికి అప్పటికే కుర్చీలోంచి సగం లేచారు.

"కూర్చోండి మాస్టారూ, ఎవరి చెవి వాళ్లు తీసుకున్నాకే ఎవరి చెవిలోనైనా వేద్దురుగాని" అంది జారీ అక్క. కవరు, రిజిస్టరు చంకలో పెట్టుకుని తలుపు దగ్గర వెనక్కి తిరిగింది. "స్టోరు కిందుంది. రెండంచెలు మీవి, రెండించులు మావి. తలా ఒక తాళంచెవి, తలా ఒక తాళం. రిజిస్టరుకి పట్టిన రెండు కూడా విప్పి ఇస్తాను. ఎవరి సంగతులు వాళ్ల సొరుగులో వేసుకోండి. ఇక్కడ మాత్రం ఏదీ ఇవ్వను, మెట్ల దగ్గరికి వచ్చి అడగండి."

పదకొండుమందీ లేచారు. వాళ్ల వెనకే, జేబులో పెన్ను ఉందో లేదో తడుముకుంటూ, అధికారి కూడా.